శాంపిల్ ఫారంలో మూడు గడులు: ప్రజారోగ్య, పశువైద్య, వన్యప్రాణి శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. నేను వైరస్ జబ్బులను నిర్ధారించే ల్యాబ్‌లో పని చేస్తాను. దోమల కాలం వచ్చిందంటే జ్వరం తగిలిన మనుషుల రక్తం, మెదడువాపుతో ఆసుపత్రిలో చేరిన పిల్లల వెన్నునీరు మా దగ్గరికి వస్తాయి. అదే కాలంలో ఇంకో ల్యాబ్‌కి ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే గర్భం పోయి పడిన) గొర్రెపిల్లల కణజాలం, కాళ్లు తడబడి కూలబడిన గుర్రాల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే పలచటి ద్రవం) వెళ్తాయి. చచ్చిపడిన పక్షులు మాత్రం చాలాసార్లు ఏ ల్యాబ్‌కీ వెళ్లవు. ఈ మూడింటిలోనూ ఉన్నది ఒకే వైరస్ కావచ్చు. ఆ సంగతి మాకు తెలిసే దారి లేదు. మీ మూడు శాఖల కాగితాలు ఎక్కడా కలవవు కాబట్టి. వాటిని కలపమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

1999 వేసవిలో న్యూయార్క్‌లో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయినా కాస్త వివరంగా చెప్పనివ్వండి. మన ఇబ్బంది అంతా ఆ కొద్ది వారాల్లోనే కనిపిస్తుంది. ముందు కాకులు చచ్చిపోవడం మొదలైంది. ఆగస్టు చివర్లో క్వీన్స్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో డాక్టర్ డెబొరా ఆస్నిస్ దగ్గరికి జ్వరం, మెదడువాపు, విపరీతమైన కండరాల నీరసంతో పెద్దవయసు రోగులు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరికి అవే లక్షణాలు కనిపించేసరికి ఆమె ఆలస్యం చేయకుండా నగర ఆరోగ్య శాఖకు కబురు చేశారు. రక్తపరీక్షలు సెయింట్ లూయీ ఎన్‌సెఫలైటిస్ అనే, దోమలు మోసే మెదడువాపు జబ్బు వైపు చూపించాయి. సెప్టెంబరు 3న అదే జబ్బని ప్రకటించి దోమల మందు కొట్టడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే బ్రాంక్స్ జూలో పక్షులు చనిపోతున్నాయి. అక్కడి పశువైద్య పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా వాటిని కోసి పరీక్షిస్తే మెదడులో రక్తస్రావం, గుండె కండరంలో దెబ్బ కనిపించాయి. ఆమె వేసుకున్న లెక్క చూడండి. సెయింట్ లూయీ వైరస్ పక్షుల ఒంట్లో పెరుగుతుంది గానీ వాటిని చంపదు. పోనీ దోమలే మోసే ఇంకో మెదడువాపు, ఈస్టర్న్ ఈక్వైన్ ఎన్‌సెఫలైటిస్ అనుకుందామంటే, దానికి ముందు బలయ్యేది ఈము పక్షులు. జూలో ఈములు నిక్షేపంగా తిరుగుతున్నాయి. కాబట్టి ఇది మరేదో అయి ఉండాలి. ఆమె పశువ్యాధుల జాతీయ ల్యాబ్‌కు, ఆపైన సైనిక పరిశోధన సంస్థకు శాంపిళ్లు పంపారు. మనుషుల వైపు దర్యాప్తు, పక్షుల వైపు దర్యాప్తు చాలా రోజులు దేని దారిన అది నడిచాయి. రెండు చోట్లా ఉన్నది వెస్ట్ నైల్ వైరస్ అని తేలేసరికి సెప్టెంబరు ఆఖరయింది. 1937లో ఉగాండాలో తొలిసారి గుర్తించిన ఆ వైరస్ అప్పటిదాకా అమెరికా ఖండాల్లో కనిపించనే లేదు. ఆ ఏడాది న్యూయార్క్ ప్రాంతంలో 62 మందికి జబ్బు తీవ్రంగా వచ్చింది. ఏడుగురు చనిపోయారు.

ఒక విషయంలో అదృష్టం కలిసొచ్చింది. ఆ రెండు వైరస్‌లనూ మోసేది క్యూలెక్స్ దోమే కాబట్టి, పేరు తప్పినా కొట్టిన మందు వృథా పోలేదు. ప్రతిసారీ అలా జరుగుతుందని అనుకోలేం. క్యూలెక్స్ పొద్దు గూకాక కుడుతుంది, మురుగులోనూ పొలాల నీటిలోనూ పెరుగుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, ఇంటి చుట్టూ పాత్రల్లో నిలిచిన మంచినీటిలో పెరుగుతుంది. జబ్బు పేరు తప్పుగా రాస్తే మనం వెళ్లి వెతికే దోమ కూడా తప్పుతుంది.

జబ్బు పేరు తప్పిన ఆ పొరపాటు ఆ రక్తపరీక్షలు చేసిన ల్యాబ్‌ది మాత్రమే కాదని నా వృత్తిలో ఉన్న ఎవరైనా చెబుతారు. డెంగీ, జికా, వెస్ట్ నైల్, సెయింట్ లూయీ, జపనీస్ మెదడువాపు, ఎల్లో ఫీవర్ అన్నీ ఫ్లావివైరస్‌లే. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లా వాటి పోలికలు అంత దగ్గరగా ఉంటాయి. ఒకదానికి మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీ ఇంకోదాన్ని కూడా పట్టుకుంటుంది. వెనకెప్పుడో డెంగీ వచ్చినవారికి, ఎల్లో ఫీవర్ టీకా గానీ జపనీస్ మెదడువాపు టీకా గానీ వేయించుకున్నవారికి కొత్తగా ఏది సోకినా ఎలైసా (యాంటీబాడీలను వెతికే పరీక్ష) ఫలితం గజిబిజి అవుతుంది. దాన్ని విడదీయాలంటే న్యూట్రలైజేషన్ పరీక్ష చేయాలి. రోగి సీరాన్ని పలచబరుస్తూ అనుమానం ఉన్న ఒక్కో వైరస్‌తో విడివిడిగా కలిపి, దేన్ని ఎక్కువగా అడ్డుకుంటోందో చూడాలి. దానికి బతికున్న వైరస్ కావాలి, భద్రత ఉన్న గది కావాలి, రోజులు పడతాయి. అన్నిటికంటే ముందు, ఏయే వైరస్‌లతో కలిపి చూడాలో తెలిసి ఉండాలి. న్యూయార్క్‌లో తొలి పరీక్షల జాబితాలో వెస్ట్ నైల్ లేదు. మన జాబితాలో లేని వైరస్ గురించి మనల్ని హెచ్చరించేది చాలాసార్లు పశువు, పక్షి. మనిషి రక్తం ఆ పని చేయలేకపోవచ్చు.

ఇప్పుడు మా దగ్గరికి వచ్చే ఫారం గురించి. ఐస్‌ప్యాక్ సగం కరిగిన పెట్టెలో ట్యూబు ఉంటుంది, దాని చుట్టూ రబ్బరుబ్యాండుతో చుట్టిన కాగితం. పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, లక్షణాల దగ్గర ‘జ్వరం’, పరీక్ష దగ్గర ‘డెంగీ?’ అని హడావుడి రాత. జ్వరం మొదలైన తేదీ దగ్గర ఖాళీ. రాసినవారిని తప్పుపట్టను. వార్డులో వాళ్ల చుట్టూ ఎంతమంది ఉంటారో నాకు తెలుసు. కానీ ఆ ఒక్క తేదీ లేకపోతే నేను ఇచ్చే ‘నెగటివ్’కు అర్థమే ఉండదు. డెంగీలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ (జన్యుపదార్థం), ఎన్‌ఎస్‌1 యాంటిజెన్ (వైరస్ తయారుచేసే ఒక ప్రోటీన్) మొదటి ఐదు రోజుల్లో బాగా దొరుకుతాయి. జబ్బు కొత్తగా సోకినప్పుడు ముందుగా పుట్టే ఐజీఎం యాంటీబాడీ నాలుగో రోజో ఐదో రోజో కనబడటం మొదలవుతుంది. రెండో రోజు రక్తంలో ఐజీఎం వెతికినా, పదో రోజు రక్తంలో ఎన్‌ఎస్‌1 వెతికినా దొరక్కపోవడమే మామూలు. అది రోగికి డెంగీ లేదన్నట్టు కాదు. మెదడువాపు సంగతి ఇంకోలా ఉంటుంది. జపనీస్ మెదడువాపులో గానీ వెస్ట్ నైల్‌లో గానీ రోగి ఆసుపత్రికి చేరేసరికే రక్తంలో వైరస్ చాలావరకు పోయి ఉంటుంది. అక్కడ పీసీఆర్ నెగటివ్ చూసి ఊరట పడకూడదు. వెన్నునీటిలో ఐజీఎం చూడాలి. మొదటి శాంపిల్ మరీ తొందరగా తీసి ఉంటే వారం పది రోజులకు రెండోది తీయాలి. రెండో శాంపిల్ రావడం ఎంత అరుదో మీ రికార్డులు తెరిచి చూడండి.

అందుకే ఫారంలో మూడు గడులు తప్పనిసరి చేయమని కోరుతున్నాను. జబ్బు మొదలైన రోజు. ఇదివరకు వేయించుకున్న ఫ్లావివైరస్ టీకాలు, వచ్చిన డెంగీ లాంటి జ్వరాలు. ఈ నెలరోజుల్లో ఇంటి దగ్గర గానీ పని దగ్గర గానీ పశువులు జబ్బుపడ్డాయా, ఈసుకుపోయాయా, పక్షులో కోతులో చచ్చిపడ్డాయా, రోగి వాటిని చేత్తో ముట్టుకున్నారా. పశువుల శాంపిల్ ఫారంలో దీనికి జోడు గడి ఒకటి ఉండాలి: ఆ మంద దగ్గర మనుషులకు జ్వరాలు ఉన్నాయా అని. పశువుకు టీకా వేశారా, ఎప్పుడు వేశారు అన్నదీ అందులో రాయాలి. టీకా వేసిన గుర్రంలో ఐజీజీ (చాలాకాలం నిలిచే యాంటీబాడీ) ఉండటం మామూలే. ఈ మధ్య వైరస్ సోకిందా అని తేల్చేది ఐజీఎం. టీకా మాట దాస్తే ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోగిష్టి లెక్కలోకి వెళ్తుంది.

మూడో గడి మీద కొందరికి అభ్యంతరం ఉంటుందని తెలుసు. దోమ వైరస్‌లన్నిటికీ పశువులతో సంబంధం లేదు కదా అంటారు. నిజమే. పట్టణాల్లో డెంగీ, చికున్‌గున్యా మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి తిరుగుతాయి. పెంపుడు జంతువులను పరీక్షించి అక్కడ సాధించేదేమీ లేదు. ఆ డబ్బు నీళ్ల తొట్ల మీద ఖర్చుపెట్టాలి. ఏ వైరస్‌కి ఎక్కడ వెతకాలో తెలిసి వెతకమంటున్నాను, అంతే. ఆ తెలివిడి రావాలంటే ఒక్కో వైరస్‌లో పశువుది ఏ పాత్రో విడిగా చూడాలి.

జపనీస్ మెదడువాపులో పంది వైరస్‌ను పెంచి పెద్దచేస్తుంది. కొంగజాతి పక్షులదీ అదే పాత్ర. మనిషి, గుర్రం దారి చివర ఉన్నవారు. జబ్బు పడతారు, చనిపోతారు, కానీ వాళ్ల రక్తంలో దోమకు అంటేంత వైరస్ ఉండదు. పెరిగిన పందికి పెద్దగా లక్షణాలు కనిపించవు. చూడి పంది మాత్రం చచ్చిన పిల్లలను, ఎండి ముడుచుకుపోయిన పిల్లలను ఈనుతుంది. ఆస్ట్రేలియాలో 2022 తొలి నెలల్లో, ఎవరూ ఊహించని ఆగ్నేయ రాష్ట్రాల్లో ఈ వైరస్ ఉందని బయటపెట్టింది పందుల ఫారాల్లో పుట్టిన అలాంటి పిల్లలే. వాటిని కోసి చూసి ల్యాబ్‌కు పంపిన పశువైద్యులు ఉండబట్టి ఆసుపత్రులకు ఏం వెతకాలో తెలిసింది. ఈ జబ్బులో లక్షణాలు బయటపడేది సోకినవారిలో నూటికి ఒక్కరిలో కూడా కాదు. బయటపడ్డవారిలో నూటికి 20 నుంచి 30 మంది చనిపోతారు, బతికినవారిలో చాలామందికి జీవితాంతం లోపం మిగులుతుంది. మనుషుల్లో ఒక్క కేసు తేలిందంటే వందల మందిని దోమలు కుట్టేసినట్టే లెక్క. పక్షుల్లోంచి ఈ వైరస్‌ను తుడిచేయడం ఎవరివల్లా కాదు కాబట్టి పిల్లలకు టీకా ఎప్పటికీ ఆపకూడదు. పందులకు టీకా ఉన్నా, ఏటా కొత్త పిల్లలు పుట్టి మంద మారిపోతూ ఉంటే దానిమీదే ఆధారపడలేం.

రిఫ్ట్ వ్యాలీ జ్వరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పశువైద్యం, మనుషుల వైద్యం విడిపోతే కలిగే నష్టం ఇందులో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. 1931లో కెన్యాలో దీన్ని వర్ణించినప్పటి నుంచీ గుర్తు ఒకటే: మందలోని చూడి గొర్రెలు ఒక్క పెట్టున ఈసుకుపోతాయి, అప్పుడే పుట్టిన పిల్లలు నూటికి తొంభై దాకా చచ్చిపోతాయి. కొన్ని ఏడిస్ దోమలు ఈ వైరస్‌ను తమ గుడ్లలోకే పంపిస్తాయి. ఆ గుడ్లు పల్లపు నేలల్లో ఏళ్ల తరబడి ఎండి పడి ఉంటాయి. కుండపోత వానలకు నేల మునిగితే అవి పగిలి, పుట్టుకతోనే వైరస్ ఉన్న దోమలు లేస్తాయి. ముందు మందకు పడుతుంది, ఆ తర్వాత మనిషికి. మనిషికి అంటేది దోమకాటుతో కంటే ఎక్కువగా జబ్బు పశువు నెత్తురుతో, ఈసుకుపోయిన పిల్లను, మాయను వట్టి చేతులతో ఎత్తడంతో. కాపరి, కసాయి, పశువైద్యుడు ముందు పడిపోతారు. చాలామందిలో అది మామూలు జ్వరంలాగే పోతుంది. కొందరికి చూపు పోతుంది. కొద్దిమందిలో రక్తస్రావంతో ప్రాణం మీదికి వస్తుంది.

దీన్ని ముందే పసిగట్టవచ్చు. సముద్రం వేడిని, వానలను, ఉపగ్రహం నుంచి కనిపించే పచ్చదనాన్ని కలిపి లెక్కగట్టి 2006లో తూర్పు ఆఫ్రికాకు శాస్త్రవేత్తలు వ్యాధి బయటపడటానికి కొన్ని వారాల ముందే హెచ్చరిక ఇచ్చారు. డిసెంబరులో వ్యాధి వచ్చింది. హెచ్చరిక ఉన్నా పశువులకు టీకాలు, సంతల నియంత్రణ వ్యాధి అంటుకున్నాకే ఊపందుకున్నాయి. అప్పటికి టీకా వేయడం కూడా ప్రమాదమే. మందలో వైరస్ తిరుగుతుండగా ఒకే సూదితో పశువు తర్వాత పశువుకు పొడుచుకుంటూ పోతే ఆ సూదే దోమ పని చేస్తుంది. పాత రకం బతికున్న టీకా చూడి పశువుకు వేస్తే గర్భమే పోవచ్చు. హెచ్చరిక అందిన రోజున ఎవరు సంతకం పెట్టాలి, టీకా ఎక్కడ నిలవ ఉంది, ఎన్ని రోజుల్లో మందల దగ్గరికి చేరుతుంది, ఇవన్నీ వానలకు ముందే కాగితం మీద ఉండాలి. వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక మీ మూడు శాఖల్లో ఎవరి బల్ల మీదికి వెళ్తుందో దయచేసి రేపే కనుక్కోండి.

కోతుల మాట కూడా చెప్పాలి. 2016 నుంచి 2018 వరకు బ్రెజిల్‌లో ఎల్లో ఫీవర్ వచ్చినప్పుడు అడవుల్లో హౌలర్ కోతులు గుంపులుగా రాలిపోయాయి. ఏ దిక్కున టీకాలు ముందు వేయాలో చెప్పింది ఆ చావులే. కోతులే జబ్బు పంచుతున్నాయని భయపడి జనం కొన్నిచోట్ల వాటిని కొట్టి చంపారు. కోతిని చంపితే వైరస్ తగ్గదు, అది దోమల్లోనే ఉంటుంది. మనకు ముందుగా చెప్పే ప్రాణి మాత్రం పోతుంది. పశువుల్లో, పక్షుల్లో ఏదైనా తేలినప్పుడు మీరిచ్చే మొదటి ప్రకటనలోనే ఈ సంగతి ఉండాలి. రెండు రోజులు ఆలస్యమైతే పుకారు ముందు వెళ్లిపోతుంది.

కలిసి పనిచేయడం కుదరని పనేమీ కాదు. ఇటలీలో దోమలను, అడవి పక్షులను, గుర్రాలను వెస్ట్ నైల్ కోసం కలిపి గమనిస్తారు. ఒక ప్రాంతంలో దోమల్లోనో పక్షుల్లోనో వైరస్ దొరికితే, మనిషికి జబ్బు వచ్చేదాకా ఆగకుండా అక్కడి రక్తదానాలను పరీక్షించడం మొదలుపెడతారు. రక్తమార్పిడితో ఈ వైరస్ అంటుతుందని అమెరికాలో 2002లో తేలింది. సోకినవారిలో నూటికి 80 మందికి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి దాతను అడిగి తెలుసుకునేది కాదు. కోళ్లను కాపలా పెట్టే పద్ధతి కూడా పాతదే. అవి జబ్బు పడవు, దోమకు తిరిగి అంటించేంత వైరస్ వాటిలో ఉండదు, రక్తంలో యాంటీబాడీ మాత్రం కనిపిస్తుంది. గుర్రాలకు వెస్ట్ నైల్ టీకా రెండు దశాబ్దాలుగా దొరుకుతోంది. మనుషులకు ఇప్పటికీ అనుమతి పొందిన టీకా లేదు. ఆ ఒక్క తేడా చాలు, ఈ వైరస్ విషయంలో ముందే తెలుసుకోవడం ఎంత అవసరమో చెప్పడానికి.

నివారణ గురించి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలియనిది కాదు. పొగ కొట్టే బండి వీధిలో తిరిగితే పని జరిగినట్టు కనిపిస్తుంది. ఎగిరే దోమల్లో కొన్ని చస్తాయి, ఇంటి లోపల మంచం కింద, బట్టల మాటున వాలిన ఏడిస్ బతుకుతుంది, తొట్టిలో లార్వాలు అలాగే ఉంటాయి, అంచుకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. వారానికోసారి పాత్ర ఖాళీచేసి లోపలి గోడ రుద్ది కడగడమే వాటికి మందు. జ్వరం వచ్చినవారిని మొదటి వారం పగలు కూడా దోమతెరలో ఉంచాలి, వాళ్లను కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టకుండా. కొత్త పద్ధతుల్లో నాకు నమ్మకం కలిగించింది వోల్బాకియా. ఆ బ్యాక్టీరియా ఉన్న ఏడిస్ దోమల్లో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేసియాలోని యోగ్యకార్తాలో వాటిని వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. నిలకడగా డబ్బు పెట్టాల్సింది ఇలాంటి వాటి మీద.

నేను అడిగేవాటిలో ఖర్చయ్యేవి తక్కువే. దోమల కాలంలో వారానికి ఒకరోజు మూడు శాఖల ల్యాబ్ వాళ్లూ క్షేత్రంలో తిరిగేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఆ వారం మనుషుల్లో, పశువుల్లో, పక్షుల్లో, దోమల్లో ఏం దొరికిందో ఒకే పటం మీద పెట్టుకోవాలి. ఒక ల్యాబ్‌లో తేలని శాంపిల్ మిగిలిన భాగాన్ని మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచి, రెండో ల్యాబ్ అడిగితే అనుమతుల కోసం వారాలు తిప్పకుండా ఇవ్వాలి. చచ్చిన పక్షి కనిపిస్తే ఏ నంబరుకు చెప్పాలో అందరికీ తెలియాలి. ఎండలో రెండు రోజులు పడి ఉన్న పక్షిలో మేం చూడగలిగేది ఏమీ మిగలదు, కాబట్టి తెచ్చేవాళ్లు అదే రోజు వెళ్లాలి. ఈసుకుపోయిన పశువును ముట్టుకునే ప్రతి ఒక్కరికీ, పశువైద్యుడి సహాయకుడితో సహా, చేతి తొడుగులు, ముఖానికి రక్షణ ఉండాలి. వాళ్లకు జ్వరం వస్తే రక్తం ఆ రోజే మాకు పంపాలి.

ఖర్చయ్యేది ఒకటుంది, దాన్ని తప్పించుకోకండి. మందలో చావులు చెప్పిన రైతుకు దొరికేది సంత మూత, రవాణా నిషేధం, ఊళ్లో చెడ్డపేరు అయితే రెండోసారి ఎవరూ చెప్పరు. పశువులను గుట్టుగా అమ్మేస్తారు, వాటితోపాటు వైరస్ కూడా ఊరు దాటుతుంది. పరిహారం ఎంతో ముందే ప్రకటించాలి, నెలలు తిప్పకుండా ఇవ్వాలి. అలాగే ఫలితం శాంపిల్ పంపినవారికి తిరిగి చేరాలి. చచ్చిన గొర్రెపిల్లను సంచిలో చుట్టి పశువుల ఆసుపత్రికి మోసుకొచ్చిన కాపరికి ఆ ల్యాబ్ ఏం కనిపెట్టిందో చాలాసార్లు ఎవరూ చెప్పరు. నెగటివ్ అయినా సరే, ఫోన్ చేసి చెప్పే బాధ్యత ఒకరి పేరు మీద రాసిపెట్టండి.

ఇట్లు,
మీ సమాధానం కోసం ఎదురుచూసే
ఒక వైరాలజీ ల్యాబ్ ఉద్యోగి